మునిగిన ఊరి ముద్ర మాంబలంలో దొరుకుతుంది

అందరికీ నమస్కారం. కాఫీ ముందే ఇచ్చేయమని నిర్వాహకులకి నేనే చెప్పాను. పోస్టాఫీసుల మీద ప్రసంగం అనగానే జారుకునేవాళ్ళు కాఫీ తాగి జారుకుంటారు, మిగిలిన నలుగురితో తీరిగ్గా మాట్లాడుకోవచ్చని. చూస్తే ఎవరూ కదల్లేదు. సంతోషమే, కొంచెం టెన్షన్ కూడా.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా దిగినవాణ్ణి. ఇక్కడే మద్రాసులో, వెస్ట్ మాంబలంలో ఉంటాను. మా అమ్మది కడప జిల్లా. ఆవిడ పుట్టిన ఊరు సోమశిల జలాశయం అడుగున ఉంది. ఆ ఊరి పేరు ఈరోజు చెప్పను. అక్కడి పోస్టు మేష్ట్రు గారి గురించి ఒకటి రెండు సంగతులు చెప్పబోతున్నాను, ఆయన మనవలు ఈ మద్రాసులోనే ఉన్నారు, వాళ్ళని నేను అడగలేదు. అందుకని.

తెర మీద ఉన్న కార్డు చూడండి. పదిహేను పైసల పోస్టుకార్డు, 1979 నాటిది. మా తాత మా అమ్మకి రాసింది. "చి.సౌ. అమ్మాయికి మీ నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరము క్షేమము. మీ క్షేమమునకు వ్రాయవలెను." ఆ తర్వాత రెండు లైన్లు వేరుశనగ గురించి, ఒక లైను బర్రె ఈనిన సంగతి. చోటు చాలక కార్డు అడ్డం తిప్పి అంచు పొడవునా రాసింది ఇది: "బావి ఇంకొక మట్టు దించినాము. నీళ్ళు పడినవి." మట్టు అంటే ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలియదు. మనిషి నిలువెత్తు లోతు. మా వైపు బావుల్ని అడుగుల్లో చెప్పరు, మట్లలో చెబుతారు.

కార్డు మధ్యలో చిల్లు కనిపిస్తోందా? పురుగు తిన్నది కాదు. పైన కొక్కెంలా వంచిన ఇనప తీగ ఒకటి వంటింటి గుమ్మం పక్కన వేలాడుతుండేది. వచ్చిన ఉత్తరం చదవగానే దానికి గుచ్చేసేవాళ్ళు. ఇక్కడ యాభై దాటిన ప్రతివాళ్ళ ఇంట్లోనూ అది ఉండే ఉంటుంది. మా అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆ తీగలు మూడు దొరికాయి. ఒక్కోదానికి జానెడు మందాన ఉత్తరాలు. నేను ఈ పనిలో పడింది అలా.

ఇప్పుడు కార్డు తిప్పుదాం. అడ్రసు వైపు, కుడి పక్క పైన, గుండ్రటి సీలు. అందులో ఊరి పేరు, పక్కన బి.ఓ. అని రెండక్షరాలు, మధ్యలో తేదీ. బి.ఓ. అంటే బ్రాంచి ఆఫీసు. మన తపాలా నిచ్చెనకి అన్నిటికన్నా కింది మెట్టు. పైన సబ్ ఆఫీసు, ఆ పైన హెడ్డాఫీసు. ఆ సీలు చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ ఊరికి పోస్టాఫీసు ఉండేదని ఆవిడ చెబుతుండగా వెయ్యిసార్లు విన్నాను. ఆఫీసుల చుట్టూ తిరిగితే దానికి కాగితం ముక్క రుజువు దొరకలేదు. రుజువు మా అటక మీద ఉంది.

ఎందుకంటే, కాస్త ఆలోచించండి, ఏ ఊరి ముద్రయినా ఆ ఊళ్ళో మిగలదు. ఆ ముద్ర పని ఊరు విడిచి పోవడమే. పల్లెలో వేసిన ఉత్తరం మీద ఆ పల్లె సీలు పడుతుంది, ఆ ఉత్తరం మద్రాసు వచ్చేస్తుంది. మద్రాసు నుంచి మనం రాసిన కార్డుల మీద కూడా అక్కడికి చేరాక బట్వాడా సీలు వేసేవాళ్ళు, నిజమే. అవి ఆ ఇళ్ళతోనే పోయాయి. కనుక మునిగిన ఊరి సీలు కావాలంటే నీళ్ళ దగ్గరికి వెళ్ళి లాభం లేదు. మాంబలంలో, షావుకారుపేటలో, పెరంబూరులో వెతకాలి. అది చెప్పడానికే వచ్చాను. మిగతాదంతా దాని చుట్టూ కబుర్లు.

అడ్రసు కూడా చదవండి. కింద తాత తన చిరునామా రాసుకున్నాడు. పేరు, ఊరు, పోస్టు, వయా బద్వేలు, కడప జిల్లా. ఈ "వయా" ఉంది చూశారూ, పిన్‌కోడ్ కన్నా ముందు మనల్ని కాపాడింది అదే. కొత్తపల్లెలు ఎన్ని, రామాపురాలు ఎన్ని, నాగిరెడ్డిపల్లెలు ఎన్ని! వయా రాయకపోతే ఉత్తరం మూడు జిల్లాలు తిరిగొచ్చేది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. వచ్చిన ఏడేళ్ళకి కూడా మా తాత కార్డు మీద ఆ ఆరంకెలు రాయలేదు. ఇటు మద్రాసులో అంకెలు ముందు నుంచీ అలవాటే. మద్రాసు-17 అంటే టి.నగర్, మద్రాసు-33 అంటే వెస్ట్ మాంబలం. పిన్‌కోడ్ పెట్టినప్పుడు ఆ పాత అంకెల్నే చివర ఉంచి 600017, 600033 చేశారు. పల్లెకి అలా సొంత అంకె ఎక్కడిది? ఒక సబ్ ఆఫీసు కింద ఉన్న బ్రాంచీలన్నిటికీ చాలాచోట్ల అదే నంబరు. ఒక బ్రాంచి మూతపడితే నంబర్ల జాబితాలో చిన్న గీత కూడా పడదు.

దేశం మొత్తం లెక్క చూస్తే ఇదంతా అబద్ధంలా ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 23,344 పోస్టాఫీసులు. ఇప్పుడు లక్షా అరవై వేల పైన. పెరిగాయి కదండీ, పోయాయంటారేమిటి అని మా అబ్బాయే అడిగాడు. మొత్తం పెరుగుతుంటే మధ్యలో జారిపోయినవి లెక్కకి రావు. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, డిపాజిట్లు పెరిగిన ఏడాది మూసేసిన ఖాతాల గురించి ఎవరూ అడగరని నాకు తెలుసు.

బ్రాంచి పోస్టాఫీసు అంటే పెద్ద బిల్డింగు ఊహించుకోకండి. చాలా ఊళ్ళల్లో అది ఒక ఇంటి అరుగు. పోస్టు మేష్ట్రు రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగి కూడా కాదు, "ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్". ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. బడిపంతులో, కరణమో, అంగడి పెట్టుకున్నాయనో, వేరే బతుకుతెరువు ఉన్న మనిషి రోజుకు కొన్ని గంటలు ఈ పని చేసేవాడు. చోటు ఆయనదే. సర్కారు ఇచ్చేది ఒక సీలు, ఇంకు ప్యాడ్, త్రాసు, రెండు మూడు రిజిస్టర్లు, తాళం వేసిన సంచి, గోడకి ఒక ఎర్ర డబ్బా. సంచి పొద్దున సబ్ ఆఫీసు నుంచి సైకిలు మీదో బస్సులోనో వచ్చేది, మధ్యాహ్నం వెళ్ళేది. ఊరు మారితే పోస్టాఫీసుని ఒక గోతంలో వేసుకుని పోవచ్చు. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో అలాగే పోయింది.

మా పోస్టు మేష్ట్రు గారు ఉత్తరాలు బట్వాడా చేసేవారు కాదు, చదివి వినిపించేవారు. చదువు రాని ఇళ్ళే ఎక్కువ కదా. సాయంత్రం అరుగు ముందు ఆడవాళ్ళు చేరేవాళ్ళు. ఆయన కార్డు మొదట మనసులో చదువుకుని, తర్వాత పైకి చదివేవారట. ఆ మనసులో చదువుకునే అరనిమిషం ఊరంతా ఆయన మొహం చూసేది. గల్ఫు నుంచి డబ్బు పంపని మొగుడి ఉత్తరంలో ఆయన సొంతంగా ఒక మంచి మాట కలిపిన సందర్భాలు ఉన్నాయని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. జవాబు రాసేదీ ఆయనే కాబట్టి పట్టుబడే ప్రమాదం తక్కువ. (నవ్వులు)

ఇంతవరకు మంచి మనిషిలా చెప్పాను కదా, ఇంకోటి కూడా చెప్పాలి. ఎర్ర డబ్బా అరుగు మీది గోడకి ఉండేది. మాలవాడ, మాదిగవాడల నుంచి వచ్చినవాళ్ళు అరుగు ఎక్కకూడదు. కార్డు కింద నిలబడి పైకి అందించాలి, మనియార్డరు డబ్బు కూడా అంతే. వేలిముద్ర వెయ్యడానికి ఫారం కిందకి దిగేది, మనిషి పైకి ఎక్కడానికి లేదు. సర్కారు ఆఫీసే, సర్కారు డబ్బే. అరుగు మాత్రం ఆయనది. దీన్ని మా అమ్మ మామూలు విషయంలా చెప్పింది, నేనూ చిన్నప్పుడు మామూలుగానే విన్నాను. ఈ ముద్రల వెంట పడ్డాకే ఇంకో సంగతి అర్థమైంది. నాకు దొరికిన కార్డుల్లో వాడల నుంచి వచ్చినవి దాదాపు లేవు. రాయలేదనా? అటకలున్న ఇళ్ళలోనే కార్డులు మిగులుతాయి.

మిగిలినవాటిలోనూ ఒక లోటు ఉంది. తీగలు మూడూ తేదీల వారీగా పేర్చుకుంటూ పోతుంటే 1978లో ఒకచోట ఆగిపోయాను. అమ్మమ్మకి జ్వరమని ఒక కార్డు. దాని వెనకే ఉన్న కార్డులో "పదకొండవ దినము కార్యక్రమము సక్రమముగా జరిగినది." మధ్యలో ఉండాల్సిన కార్డు లేదు. ఎందుకు లేదో ఈ హాల్లో అందరికీ తెలుసు. చావు కబురు మోసుకొచ్చిన కార్డుని చదవగానే చింపి బయట పారెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. పసుపు రాసిన శుభలేఖలు మాత్రం భద్రంగా ఉంటాయి. కనుక మనం తీగలు చదివి ఒక పల్లె చరిత్ర రాస్తే, ఆ పల్లెలో అందరూ పెళ్ళిళ్ళు చేసుకుంటారు, బర్రెలు ఈనుతుంటాయి, ఎవరూ చావరు.

సరే, ముద్ర దొరికింది. ఊరి జాడ ఎలా తియ్యాలి? మొదట నేను చేసిన తెలివితక్కువ పని, పాత రిజిస్టర్ల కోసం ఒక ఆఫీసుకి వెళ్ళడం. ఏ ఆఫీసో ఎందుకులెండి. మూడుసార్లు తిప్పుకున్నారు. నాలుగోసారి ఒక గుమాస్తా జాలిపడి లోపలికి తీసుకెళ్ళి ఒక ఫైలు చూపించాడు. పాత రిజిస్టర్లు తుక్కు కింద అమ్మిన రసీదు. ఇన్ని కిలోలు అని తూకం కూడా రాసి ఉంది. వాళ్ళ తప్పు కూడా అనలేను, రిజిస్టర్లు ఉంచాల్సిన గడువు దాటితే తీసెయ్యమనే నిబంధన. బ్యాంకులో నేనూ అలాంటి రసీదుల మీద సంతకాలు పెట్టాను.

పనికొచ్చింది జనాభా లెక్కల పుస్తకం. జిల్లాకొక సెన్సస్ హ్యాండ్‌బుక్ వేస్తారు. అందులో తాలూకా వారీగా, తర్వాతి పుస్తకాల్లో మండలం వారీగా, ప్రతి గ్రామానికీ ఒక వరస. బడి ఉందా, తాగునీళ్ళకి బావా చెరువా, బస్సు వస్తుందా, ఇవన్నీ గళ్ళు. ఒక గడి తపాలాకి. అందులో పి.ఓ. అని ఉంటే పోస్టాఫీసు ఉన్నట్టు, పి.టి.ఓ. అంటే తంతి కూడా ఉన్నట్టు. 1971 పుస్తకం, 1991 పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒకే ఊరి వరస చదవండి. ముందు దాంట్లో పి.ఓ. తర్వాత దాంట్లో గళ్ళన్నీ ఖాళీ, ఊరి పేరు పక్కన నిర్జనం అని ఒక్క మాట. ఊరు పోయినా రెవిన్యూ గ్రామం పోదు, ఆ పేరూ నంబరూ అలా కొనసాగుతాయి. మన రెవిన్యూ వాళ్ళు దాన్ని బేచిరాక్ గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరని. తాసిల్దారు ఆఫీసులో ఆ మాట వాడే గుమాస్తాకి దాని అర్థం చెబితే ఆయన కాసేపు పెన్ను పక్కన పెట్టేశాడు.

తెలుగులో దీనికన్నా పాత మాట ఒకటి ఉంది, పాటి. పూర్వం ఊరుండి పోయిన దిబ్బని పాటి అంటారు. పాటిమన్ను పొలానికి మంచి బలం. తరతరాల బూడిద, పేడ, పెంట అందులోనే కదా ఉండేది. రైతులు బళ్ళకెత్తుకుని తోలుకునేవాళ్ళు. పోయిన ఊరుని పొలానికి ఎరువుగా వేసుకోవడం ఒకరకంగా మర్యాదే. జలాశయం కింద పోయిన ఊరికి ఆ మర్యాద కూడా దక్కదు.

పటాలు కూడా చూడండి. సర్వే వాళ్ళ పాత పటాల మీద ఊరి పేరు పక్కన పి.ఓ. అని చిన్న అక్షరాలు ఉంటాయి. అయితే స్పెల్లింగులతో జాగ్రత్త. దొరల కాలపు కాగితాల్లో మన పల్లె "పుల్లీ" అయి కూర్చుంటుంది, పాళెం "పోలియం" అవుతుంది. పైకి చదివితేనే దొరుకుతాయి, కళ్ళతో వెతికితే దొరకవు. ఎగ్మూరులో ఆర్కైవ్స్ ఉంది, పక్కనే కన్నెమరా లైబ్రరీ ఉంది. కడప, నెల్లూరు, చిత్తూరు అన్నీ ఒకప్పుడు మద్రాసు రాజధానిలోవే కాబట్టి మన ఊళ్ళ పాత కాగితాలు ఇక్కడ కూడా వెతకాలి. ఊరు ఎలా పుట్టిందో కావాలంటే మెకంజీ దొర రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఉన్నాయి. కడప జిల్లావి కడపలో బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు అచ్చు వేశారు. ఎవరు అడవి కొట్టించారు, ఎవరు చెరువు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికి, అన్నీ ఉంటాయి. ఊరు ఎలా పోయిందో రాసిన కైఫియత్తు మాత్రం లేదు. అది రాయాల్సింది మనమే.

పోవడానికి జలాశయమొక్కటే కారణం కాదు. మన రామేశ్వరం దగ్గర ధనుష్కోటి 1964 డిసెంబరు తుపానులో పోయింది. అక్కడ పోస్టాఫీసు మొండి గోడల్ని ఇప్పటికీ టూరిస్టులు ఫోటోలు తీసుకుంటున్నారు. తిరుత్తణిలో పోస్టాఫీసు పోలేదు, కాని 1960 ఏప్రిల్ 1న చిరునామాలో చిత్తూరు జిల్లా పోయి మద్రాసు రాష్ట్రం వచ్చింది. ఏప్రిల్ ఒకటి అని అక్కడి తెలుగువాళ్ళు ఇంకా జోకు వేస్తారు. శ్రీశైలం కింద 1981లో వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అక్కడ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. కట్టాల్సిందే, గొప్ప గుడి. సప్తనదుల సంగమేశ్వరం గుడి నీళ్ళు తగ్గినప్పుడల్లా బయటపడుతుంది, జనం వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు. పోస్టాఫీసు అరుగుకి దండం ఎవరు పెడతారు?

మా అమ్మ పెట్టింది. సోమశిలలో నీళ్ళు బాగా తగ్గిన ఒక ఎండాకాలం ఆవిణ్ణి తీసుకెళ్ళాను. పగుళ్ళు తీసిన ఒండ్రు మీద నడవాలి, చెప్పులు దిగబడుతున్నాయి. నాకు అంతా ఒకేలా ఉంది. ఊరు ఖాళీ చేసినప్పుడు దూలాలు, తలుపులు, నేల మీది బండలు కూడా జనం పీక్కుని పోయారు, మిగిలినవి మొండి పునాదులు. ఆవిడ మాత్రం రెండు వేపచెట్ల మోళ్ళు చూసి దిక్కులు పట్టేసింది. ఇది రచ్చబండ, ఇది మీ పెద్ద మామ దొడ్డి. ఒకచోట వంగి మట్టి గీకింది. విరిగిన రోలు. దాని పక్కన రెండు మెట్లు, మెట్ల పైన ఏమీ లేదు. "ఇదేరా పోస్టు మేష్ట్రు ఇల్లు" అంది. వంగి మెట్టుని చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత మెట్టు మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుని, ఈ అరుగు మీదే మీ నాన్న రాసిన మొదటి ఉత్తరం మేష్ట్రు నాకు ఇచ్చాడు, విప్పి చదివేసి ఇచ్చాడు దుర్మార్గుడు, అంది.

ఇప్పుడు మీ ముందున్న నీళ్ళ గ్లాసుల గురించి ఒక మాట. కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వెలుగోడుకి, అక్కడి నుంచి పెన్నలో పడి సోమశిలకి, సోమశిల నుంచి కండలేరుకి, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట దగ్గర సరిహద్దుకి, అది దాటి మద్రాసుకి నీళ్ళిచ్చే పూండి జలాశయానికి వస్తాయి. 1983లో రామారావు గారు, ఎం.జి.ఆర్. ఒప్పందం చేసుకున్నారు, 1996లో నీళ్ళు వచ్చాయి. అంతకు ముందు మాంబలంలో బిందెల వరసల్లో నిలబడ్డవాళ్ళకి ఆ నీళ్ళ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ కూడా నిలబడింది. కొళాయిలో మొదటిసారి ఆ నీళ్ళు వచ్చిన రోజు, "మా ఊరి మీద నుంచి వచ్చినాయి" అని ఒక చెంబు పట్టి తులసికోటలో పోసింది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉండాలని నేను అనుకున్నాను, ఆవిడకి లేదు.

ఇక పని. వచ్చే ఆదివారం ఇదే హాల్లో కూర్చుంటాం. మీ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత కార్డులు, ఇన్‌లాండు లెటర్లు తీసుకురండి. స్టాంపు బాగుందని కత్తిరించి తేకండి, సీలు సగం స్టాంపు మీద, సగం కవరు మీద ఉంటుంది, కత్తిరిస్తే ఊరు రెండు ముక్కలవుతుంది. తడి గుడ్డతో తుడవకండి. మనియార్డరు కింది ముక్క కూడా పారెయ్యకండి, రెండు లైన్ల కబురు రాసుకునేది అందులోనే. సొంత విషయాలు ఉంటాయని సంకోచిస్తే లోపలి వైపు మూసే ఉంచండి, మాకు అడ్రసు వైపు చాలు. సీలు మసగ్గా ఉంటే కాగితానికి ఏటవాలుగా ఫోను లైటు వేసి చూడండి, సిరా పోయినా నొక్కు కనిపిస్తుంది.

ఆఖరి కార్డు. ఇది మా ఇంటిది కాదు, పాత కాగితాల కొట్లో కొన్నాను. షావుకారుపేట చిరునామాకి వచ్చింది. సీలులో ముందు అక్షరాలు చెరిగిపోయాయి, చివర "పల్లె" ఉంది, బి.ఓ. ఉంది. తెలంగాణ వైపు అయితే ఎక్కువగా పల్లి అని ఉంటుంది, కాబట్టి బహుశా మన సీమో నెల్లూరో. వయా దగ్గర తడిసింది. లోపల, ఏటి అవతల చేను అమ్మేశామని, గంగమ్మ జాతరకి ఈసారైనా రమ్మని ఉంది. మూడేళ్ళుగా పుస్తకాల్లో వెతుకుతున్నా. పల్లె ముందు మూడక్షరాలో నాలుగో, మొదటిది "వె" కావచ్చు, "చె" కావచ్చు.

వెనక వరసలో పెద్దాయన ఎవరో చెయ్యెత్తారు. లేవకండి సార్, కూర్చునే చెప్పండి. ఆ మైకు కాస్త అటు ఇవ్వు నాయనా.